స్టీరింగ్ కీచుమంటోందని పవర్ స్టీరింగ్ పంప్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పాత పికప్‌లు, మినీ ట్రక్కులు నడుపుకునేవాళ్లకు జాగ్రత్త చెప్పడానికే ఇది రాస్తున్నా. స్టీరింగ్ తిప్పినప్పుడు బానెట్ కింద నుంచి కీచుమని శబ్దం వస్తోందా? "పంప్ పోయింది, మార్చాల్సిందే" అని ఎవరు చెప్పినా వెంటనే డబ్బు తీయకండి. (పవర్ స్టీరింగ్ పంప్ అంటే స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా ఆయిల్‌ను ఒత్తిడితో పంపేది.) మాకు అలాగే చెప్పి, రంగు పూసిన పాత పంప్‌ను కంపెనీ కొత్త పంప్ అని అంటగట్టారు. పంపుకీ లేబర్‌కీ కలిపి రూ.7,200 పోయింది. శబ్దం మాత్రం పోలేదు. పైగా అంతకుముందు లేని ఆయిల్ లీకు ఒకటి వచ్చి చేరింది.

మా తమ్ముడు మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా లోడు వేసుకుని తిరుపతి వైపు తిరుగుతుంటాడు. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి మార్కెట్ యార్డులో వెనక్కీ ముందుకీ తిప్పుతుంటే కీచుమనేది. వాన పడితే ఇంకా ఎక్కువ. బండి వేడెక్కాక కాస్త తగ్గేది. దగ్గర్లోని ఒక షాపుకు తీసుకెళ్తే బానెట్ ఎత్తి, ఒక్కసారి స్టీరింగ్ తిప్పించి, "పంప్ అయిపోయిందన్నా, ఇట్లే నడిపితే ఘాట్‌లో స్టీరింగ్ బిగుసుకుపోతుంది" అన్నారు. భాకరాపేట ఘాట్ మీద రోజూ తిరిగే మనిషికి ఆ మాట చాలు, ఇంక రాత్రి నిద్ర పట్టదు. ఆ భయం మీదే బేరం నడిచింది. పంప్‌ను తిప్పే బెల్టు మీద చెయ్యి వేసి చూసినవాళ్లు లేరు, ఆయిల్ మూత తీసి చూసినవాళ్లూ లేరు.

అసలు సంగతి తర్వాత తేలింది. మా ఊరి పెద్ద మెకానిక్ ఒకాయన ఇంజిన్ స్టార్ట్ చేయించి, సీసాతో దూరం నుంచే బెల్టు గాడుల మీద కొద్దిగా నీళ్లు చల్లాడు. శబ్దం టక్కున ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది. ఇంజిన్ ఆపి, ఒక స్టీలు స్కేలు తీసుకుని పుల్లీల (బెల్టు తిరిగే చక్రాల) ముఖాలకు అడ్డంగా ఆనించాడు. మిగతా పుల్లీలకు స్కేలు అతుక్కుంది. పంప్ పుల్లీ దగ్గర మాత్రం సందు కనిపించింది. పుల్లీ మధ్యలో హబ్ మీద సుత్తి దెబ్బల గుర్తులు తాజాగా మెరుస్తున్నాయి. పుల్లర్‌తో తీసి ప్రెస్‌తో ఎక్కించాల్సిన పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించారన్నమాట. అలా కొడితే పుల్లీ వరస తప్పడమే కాదు, ఆ దెబ్బ నేరుగా షాఫ్టుకూ బేరింగుకూ తగులుతుంది, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలూ దెబ్బతింటుంది. మాకు లీకు వచ్చింది సరిగ్గా షాఫ్టు సీల్ దగ్గరే.

తర్వాత పంప్ బాడీ మీద వెండి రంగును గోటితో గీరాడు. పొరలా ఊడి వచ్చింది. కింద నల్లగా పట్టిన పాత జిడ్డు. పార్ట్ నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన గీతలు. "కొత్తది" అని మాకు ఇచ్చిన సరుకు ఇది. రీకండిషన్ పంప్ అమ్మడం తప్పని నేననను. మంచి సీల్ కిట్ వేసి, లోపలి భాగాలు చూసి, రీకండిషన్ అని చెప్పి, ఆ ధరకే ఇస్తే అది నిజాయితీ గల వ్యాపారమే. పాతదాన్ని కొత్తదని చెప్పి కొత్తదాని ధర వసూలు చేస్తే మాత్రం అది మోసం.

ఇక అసలు జబ్బు? మెకానిక్ విప్పి చూపించాడు. బెల్టు లోపలివైపు అద్దంలా నునుపు తేలింది. రిజర్వాయర్ (స్టీరింగ్ ఆయిల్ డబ్బా) నుంచి పంప్‌కు వచ్చే లావు హోస్ క్లిప్పు వదులై, కొద్దికొద్దిగా కారిన ఆయిల్ బెల్టు మీద పడుతూ వచ్చింది. ఆయిల్ తాగిన బెల్టు జారుతుంది, జారే బెల్టు కీచుమంటుంది. బెల్టు, క్లిప్పు, కొంచెం ఆయిల్ మారిస్తే సరిపోయే పని అది.

శబ్దం విని కొంతవరకు మీరే తేల్చుకోవచ్చు. కీచుమని సన్నగా, చెవిలో గుచ్చుకునేలా వస్తే ముందు బెల్టును అనుమానించండి: వదులైందా, నునుపు తేలిందా, పగుళ్లు ఉన్నాయా, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ సరిగా లాగుతోందా, పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయా. స్టీరింగ్ తిప్పుతుంటే మూలుగుతున్నట్టు, ఇంజిన్ స్పీడును బట్టి పెరుగుతూ తగ్గుతూ వస్తే అది ఆయిల్ తగ్గడమో, గాలి చేరడమో, పంప్ అరగడమో కావచ్చు. స్టీరింగ్‌ను పూర్తిగా చివరిదాకా తిప్పినప్పుడు స్స్‌మని వచ్చే చిన్న శబ్దం మాత్రం మామూలే. అక్కడ ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. అలా చివరిదాకా తిప్పి అయిదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఆయిల్ కాగిపోతుంది.

నీళ్ల పరీక్షలో ఇంకో సంగతి ఉంది. నీళ్లు పడగానే శబ్దం ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరస చూడాలి. నీళ్లు పడగానే శబ్దం ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉండి జారుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు తువ్వాలు మెడలో వేసుకుని బానెట్ లోపలికి వంగొద్దు, చెయ్యి అసలే పెట్టొద్దు. బెల్టు మీద స్ప్రేలు, సబ్బు, గ్రీజు రాసి శబ్దం ఆపేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఆ బెల్టు రెండు రోజులు నోరు మూసుకుని తర్వాత ఇంకా పెద్దగా అరుస్తుంది.

బెల్టును చిన్న విషయంగా తీసుకోవద్దని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్ పంప్ ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) వెనకే బిగించి ఉంటుంది. మీ బండిలో ఆల్టర్నేటర్, స్టీరింగ్ పంప్ ఒకే బెల్టు మీద నడుస్తుంటే, ఆ బెల్టు తెగిన క్షణం స్టీరింగ్ బరువెక్కుతుంది, చార్జింగ్ ఆగుతుంది, కాసేపట్లో బ్రేకు పెడల్ కూడా గట్టిపడుతుంది. లోడుతో దిగుడులో ఉన్నప్పుడు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. కాబట్టి శబ్దం వస్తున్నా పట్టించుకోకుండా తిరగమని నేను చెప్పడం లేదు. సరైన చోట వెతకమంటున్నాను.

ఆయిల్ సంగతి. మూత తీసి చూస్తే నురుగు ఉంటే గాలి చేరుతోందని అర్థం. రిజర్వాయర్ నుంచి పంప్‌కు వెళ్లే హోస్ పీల్చుకునే వైపు కాబట్టి, క్లిప్పు వదులైతే బయటికి చుక్క కారకుండానే లోపలికి గాలి లాగేయగలదు. ఈ ఒక్క కారణంతో బాగున్న పంపులు ఎన్ని తీసేస్తున్నారో. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తున్నా, వేలికి రాసుకుంటే మెరిసే లోహపు పొడి కనిపించినా అప్పుడు పంప్ గురించి ఆలోచించాలి. కొన్ని రిజర్వాయర్ల అడుగున జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోయినా పంప్ మూలుగుతుంది. ఏ ఆయిల్ పోయాలో రిజర్వాయర్ మూత మీదో, ఓనర్ మాన్యువల్‌లోనో చూసి అదే పోయండి. బ్రేకు ఆయిల్ పొరపాటున కూడా పోయొద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

నిజంగానే పంప్ మార్చాల్సి వస్తే పాత ఆయిల్ అంతా వదిలేసి, లైన్లు కడిగించాకే కొత్తది బిగించమనండి. పాత పంప్ రాల్చిన పొడి కొత్త పంప్‌లోకి పోతే దాని గతీ అంతే. తర్వాత ముందు చక్రాలు పైకి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పుతూ బుడగలు ఆగేదాకా ఆయిల్ నింపాలి. గాలి తీయకుండా స్టార్ట్ చేసి "రెండు రోజులు నడిపితే అదే సర్దుకుంటుంది" అంటే నమ్మొద్దు.

కొనేటప్పుడు డబ్బా మీ కళ్ల ముందే విప్పించండి. పార్ట్ నంబరు డబ్బా మీదా, పంప్ మీదా చూడండి. షాపు పేరు, జీఎస్టీ నంబరు, పంప్ నంబరు, కొత్తదా రీకండిషనా అన్నది బిల్లులో రాయించండి. మాకిచ్చింది తెల్లకాగితం మీద "పి.ఎస్. పంప్ – 1" అని, అంతే. మీ పాత పంప్ అక్కడ వదలొద్దు. మాది అడిగితే "తుక్కులో పోయింది" అన్నారు, గట్టిగా నిలదీస్తే బల్ల కింద నుంచి తీసిచ్చారు. మెకానిక్ విప్పి చూస్తే వేన్లు (ఆయిల్‌ను నెట్టే లోపలి రెక్కలు), లోపలి రింగు శుభ్రంగా ఉన్నాయి. సీల్ కిట్ వేసి ఇప్పుడు దాన్నే మళ్లీ బండికి బిగించాం, శబ్దం లేదు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అని బోర్డు పెట్టుకున్నా భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులే. బండి వ్యాపారానిది కదా, మనకు వర్తించదేమో అనుకోవద్దు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్నవాళ్లను కూడా చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

మేం ఆ పంప్‌నూ, గీరిన రంగునూ, సుత్తి గుర్తులనూ ఫొటోలు తీసి, డబ్బు పంపిన ఫోన్ పేమెంట్ రసీదు జతచేసి 1915లో ఫిర్యాదు ఇచ్చాం. షాపువాళ్లు సగం డబ్బు ఇస్తామని కబురు పెట్టారు. మేం ఒప్పుకోలేదు. మొత్తం ఇవ్వకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాం, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.