విశాఖ నుంచి భీమిలి: తీరం వెంట ఒక రోజు నడక

ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర బయల్దేరి భీమిలి చేరాలంటే రోడ్డు లెక్కన పాతిక కిలోమీటర్ల పైమాటే. ఇసుకలో కాళ్లు దిగబడుతూ, గెడ్డల (సముద్రంలో కలిసే వాగుల) దగ్గర చుట్టు తిరుగుతూ నడిస్తే తిండికీ నీడకీ ఆగిన సమయంతో కలిపి ఎనిమిది, తొమ్మిది గంటలు పెట్టుకోవాలి. ఆకాశం ఎటూ తేలని రోజుల్లో కూడా ఈ దారికి ఓటెయ్యడానికి కారణం పక్కనే ఉండే బీచ్‌రోడ్డు, దాని మీద తిరిగే 900కె సిటీ బస్సు. వాన ముంచుకొస్తే నడక అక్కడితో ఆపేసి రోడ్డెక్కొచ్చు. ఆ వెసులుబాటు ఉన్న తీరాలు తక్కువ.

ముందు తేల్చుకోవాల్సింది ఎటునుంచి ఎటు నడవాలన్నది. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఫిబ్రవరి తర్వాత, నైరుతి రుతుపవనాలు వెళ్లేదాకా గాలి ఎక్కువగా విశాఖ వైపు నుంచే వీస్తుంది. అప్పుడు భీమిలి వైపు నడిస్తే వీపున తోస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో గాలి తిరుగుతుంది. ఆ నెలల్లో మొదటి బస్సుల్లోనే భీమిలి వెళ్లి అక్కణ్నుంచి వెనక్కి నడవడం మేలు. ఎదురుగాలిలో ఇసుక కళ్లలో కొడుతుంటే కిలోమీటరు రెండు కిలోమీటర్లంత అవుతుంది.

బయల్దేరే ముందు రోజు రాత్రి పోర్టు హెచ్చరికలు చూడాలి. భీమునిపట్నానికి (భీమిలికి) కూడా ప్రమాద సూచికలు ఎగరేస్తారు. ఒకటో నంబరంటే అల్పపీడనమో వాయుగుండమో ఎక్కడో దూరంగా ఉందని. మూడో నంబరు పడిందంటే ఈదురుగాలులు మన రేవుకే రావొచ్చని. ఆ రోజు ఇసుకలోకి దిగొద్దు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదే కూర్చుంది. గాలి లేచాక అక్కడి కెరటాల బలం ఎంతో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పోటు వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గర, రుషికొండ మలుపులో, మంగమారిపేట శిలాతోరణం దగ్గర పోటు మీద ఉంటే దారి ఉండదు. సముద్రం వెనక్కి తీస్తున్నప్పుడు ఈ మూడూ దాటేలా చూసుకోవాలి. అమావాస్యకీ పున్నానికీ నీరు బాగా వెనక్కి వెళ్తుంది కాబట్టి తోరణం చక్కగా బయటపడుతుంది. అయితే తిరిగొచ్చే నీరు కూడా అంతే పైకొస్తుంది. నాచు పట్టిన రాళ్ల మీద చెప్పులతో ఎక్కితే జారడం ఖాయం, రాళ్లకు అంటుకున్న గుల్లలు అరచేతులు కోసేస్తాయి.

ఇసుక గట్టిదనం అడుగు వేస్తూనే తెలుస్తుంది. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్టు తెల్లబడితే గట్టి నేల. మెరుస్తూ, అడుగు తియ్యగానే గుంటలో నీరు ఊరితే అది మెత్తన, కాస్త పైకి జరగాలి. భీమిలి వైపు నడిచేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది, ఒడ్డు అటే వాలి ఉంటుంది. కుడికాలు రోజంతా పల్లంలో పడితే సాయంత్రానికి మోకాలు, తుంటి పట్టేస్తాయి. గంటకోసారి పది నిమిషాలు రోడ్డు మీద నడిస్తే ఆ బాధ ఉండదు. ఆర్కే బీచ్ దగ్గర మాత్రం ఇసుకే పలచన. పోర్టు అడ్డుగోడ దగ్గర ఇసుక ఆగిపోయి ఇటు రావాల్సింది రాదు, డ్రెడ్జర్లతో తవ్వి తెచ్చి పోస్తుంటారు. అలలు కోసిన చోట నడుమెత్తు గట్లు నిలబడి ఉంటాయి, వాటి అంచున నడవొద్దు.

మూటలో మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక జత అదనపు మేజోళ్లు, కొబ్బరినూనె సీసా ఉండాలి. తడిసిన పాదం మెత్తబడి, ఇసుక రాపిడికి బొబ్బలెక్కుతుంది. నూనె రాసి, మధ్యాహ్నం మేజోళ్లు మార్చుకుంటే చాలావరకు తప్పుతుంది. గొడుగు ఈ గాలికి నిలవదు, రెయిన్‌కోటే నయం. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేవంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. సరుగుడు తోటలోనో తాటిచెట్టు కిందో తలదాచుకోకుండా పక్కా భవనంలోకి చేరి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

సౌకర్యాల్లో రుషికొండకే మొదటి మార్కు. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. భోజనం ఇక్కడే కానివ్వాలి. ఇది దాటాక దుకాణాలు పలచబడతాయి. జాలరి ఊళ్ల ముందు వలలు, తాళ్లు పరిచి ఉంటాయి, వాటిని తొక్కకుండా రోడ్డు మీదుగా వెళ్లడం మర్యాద. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, కంచె వేసిన చోటికి పోవద్దు.

చివరి అంకం ఎర్రమట్టి దిబ్బలు, ఈ నడకంతటికీ అసలు బహుమతి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇనుము తుప్పు పూత పట్టిన ఇసుక రేణువుల గుట్టలివి. వాన పడితే గోడలు కోసుకుపోయి విరిగి పడతాయి. చినుకు మొదలైతే లోయల్లోకి దిగకుండా పైనుంచే చూసి వెళ్లిపోవాలి. దగ్గరి గెడ్డలో నీరు ఎర్రబడి సముద్రంలోకి చారలా సాగుతుంటే, మీ మీద వాన లేకపోయినా ఎగువన కురిసినట్టే. దాటకుండా వంతెన పట్టుకోండి. మోకాలి లోతు దాటి పారే నీళ్లలో కాలు నిలవదు.

బసకి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) పరిసరాల లాడ్జీలు చవక, తెల్లవారే బస్సు దొరుకుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటళ్లకు శని, ఆదివారాల్లో రేట్లు పెరుగుతాయి, నడిచే వాళ్లకు ఆ ఖర్చు దండగ. రెండు రోజులుగా విడగొట్టుకుంటే రుషికొండలో ఆగొచ్చు. భీమిలిలో గదులు కొన్నే, ముందే ఫోన్ చేసి జనరేటరు, వేడినీళ్లు ఉన్నాయో లేదో అడగాలి. డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడాలంటే చీకటి పడకముందు గంటైనా మిగుల్చుకోవాలి. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సులు కిటకిటలాడతాయి. బీచ్ దగ్గర నిలబడకుండా బస్టాండుకే వెళ్లి ఎక్కితే సీటు దొరుకుతుంది.