పాత పద్ధతి సాగా, పొలం వదిలేయడమా: వన్యప్రాణులకు ఏది మేలు?

ఎరువులు, మందులు తక్కువ. గట్ల మీద పొదలు. ఏటా కొంత భూమి బీడు. పశువులు తిరిగే గడ్డి నేలలు. ఇలాంటి పాతకాలపు సాగు ఉన్నచోట పిట్టలూ సీతాకోకచిలుకలూ ఎక్కువని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. గొడవంతా ఆ తర్వాతే. ఆ సాగునే కొనసాగించాలా? పొలాన్ని వదిలేసి అడవి కానివ్వాలా? లేక మంచి నేలల్లో దిగుబడి బాగా పెంచుకుని, ఆ మేరకు అడవి జోలికి పోకుండా ఉండాలా?

వదిలేయడం వినగానే నచ్చుతుంది. మనిషి తప్పుకుంటే అన్నీ బాగుపడతాయనిపిస్తుంది. బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక విషయంలో ఇది బెడిసికొట్టింది. సరదాకు వాటిని పట్టి దాచుకునేవాళ్ల బెడద పోవాలని ఒకచోట కంచె వేశారు. దాంతో పశువుల మేతా ఆగింది. ఇతర చోట్ల కూడా మేత తగ్గుతూ వచ్చింది, 1950లలో రోగం వచ్చి కుందేళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. గడ్డి ఎదిగి నేల చల్లబడింది. ఎండ బాగా తగిలే పొట్టి గడ్డిలోనే నిలదొక్కుకునే ఒక ఎర్రచీమ తగ్గిపోయింది. ఈ సీతాకోకచిలుక గొంగళిపురుగు పెరిగేది ఆ చీమల పుట్టలోనే, వాటి పిల్లల్నే తింటూ! చీమ పోయాక సీతాకోకచిలుక మాత్రం ఎక్కడ ఉంటుంది? 1979కల్లా అక్కడ అంతరించింది. ఈ ముడి విప్పింది జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త. తర్వాత స్వీడన్ నుంచి తెచ్చి, ఈసారి పశువుల్ని మేపుతూ మళ్లీ పెంచారు.

అలాగని వదిలేయడం అన్నిటికీ చేటు కాదు. ఐరోపా కొండల్లో సాగు ఆగిన చోట అడవి తిరిగొచ్చింది, తోడేళ్లకు అది కలిసొచ్చింది.

ఇక దిగుబడి వాదం. పాత సాగు అభిమానులకు మింగుడుపడనిది ఇదే, నాకూ మొదట్లో పడలేదు. ఎకరాకు తక్కువ పండితే అదే తిండికి ఎక్కువ ఎకరాలు దున్నాలి. ఆ ఎకరాలు ఎక్కడినుంచి వస్తాయి? ఘానాలోనూ ఉత్తర భారతంలోనూ పక్షుల్నీ చెట్లనూ లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. పొలంలోనే జీవజాలానికి చోటిచ్చే పద్ధతి కన్నా, తక్కువ నేలలో ఎక్కువ పండించి మిగతాది సహజంగా ఉంచితేనే ఎక్కువ జాతులకు మేలని తేలింది. దట్టమైన అడవికి అలవాటుపడ్డ జీవికి ఎంత సున్నితమైన సాగైనా సాగే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దిగుబడి పెరిగితే అడవి దానంతట అది మిగలదు. లాభం చూసి ఇంకాస్త నరికే ప్రమాదమూ ఉంది. ఆ అడవిని గట్టిగా కాపాడే ఏర్పాటు లేకపోతే ఈ వాదం కాగితం మీదే.

నన్నడిగితే ముందు తేల్చాల్సింది ఏ జీవి కోసం అన్నది. గ్రేట్ బస్టర్డ్ అనే పెద్ద పక్షి బట్టమేక పిట్టకు బంధువు. ఒకప్పుడు విశాలమైన గడ్డి మైదానాల్లో ఉండేది. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా స్పెయిన్‌లో, వర్షాధార ధాన్యపు చేలల్లో, బీళ్లలో బతుకుతోంది. దానికి ఆ పొలమే ఇల్లు, వేరే అడవి చూపిస్తే పోదు. అక్కడే ఓక్ చెట్ల కింద పందుల్నీ గొర్రెల్నీ మేపే దెహెసా భూముల్లో చలికాలం వేల క్రేన్ పక్షులు (సారస కొంగ జాతివి) దిగి ఓక్ కాయలు తింటాయి. కాబట్టి అడవి మిగిలి ఉన్నచోట దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. వందల ఏళ్లుగా సాగులో ఉండి, జీవాలు దానికే అలవాటుపడ్డ చోట పాత సాగే మేలు. పోలండ్‌లో పక్షుల మీద చేసిన ఒక పరిశీలన కూడా కొంత ఎక్కువ దిగుబడి సాగు, కొంత సహజ నేల, కొంత పాత సాగు అనే మూడు వాటాల పద్ధతిని ముందుకు తెచ్చింది.

పాత సాగు బలహీనత రైతు దగ్గరే ఉంది. చాకిరీ ఎక్కువ, రాబడి తక్కువ, పిల్లలు పట్నం పోతారు. డబ్బిచ్చి నిలపాల్సిందే, కానీ దేనికి ఇవ్వాలి, చేసిన పనికా, వచ్చిన ఫలితానికా? పనికి ఇవ్వడం తేలిక. కార్న్‌క్రేక్ పిట్ట గడ్డిలో గూడు పెడుతుంది, కాబట్టి కోత ఆలస్యం చేయాలి, మధ్య నుంచి అంచులకు కోయాలి. అంచుల నుంచి కోసుకొస్తే పిల్లలు చివరి గడ్డిలో ఇరుక్కుని చస్తాయి. ఇలాంటి స్పష్టమైన పనికి డబ్బివ్వడం సరిపోతుంది. అంత సూటిగా చెప్పలేని చోట ఐర్లండ్‌లోని బరెన్ ప్రాంతపు పద్ధతి నాకు నచ్చుతుంది. ఆ సున్నపురాతి కొండల మీదికి పశువుల్ని తోలేది చలికాలంలో. అవి పాత గడ్డిని మేసేస్తే వసంతంలో పూలకు వెలుతురు దొరుకుతుంది. అక్కడ ప్రతి మడిలో పూలూ గడ్డీ ఎంత బాగున్నాయో చూసి పదికి ఇన్ని మార్కులని వేసి, మార్కుల్ని బట్టి డబ్బిచ్చారు. పశువుల్ని ఎప్పుడు తోలాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది రైతుకే వదిలేశారు.