పేజీ నిండా ఒకే ఫోటో పెట్టాలంటే: స్క్వూష్ ఎంతవరకు పనికొస్తుంది?

పేజీ వెనకాల నిండుగా ఒకే ఫోటో పరచడానికి సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) నాలుగైదు లైన్లు చాలు. కష్టమంతా ఆ ఫోటోను సిద్ధం చేసుకోవడంలో ఉంది. కెమెరా నుంచి దింపిన 6000×4000 పిక్సెళ్ల ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు పేజీ ముక్కలు ముక్కలుగా దిగుతుంది. ఈ పనికి గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ 2018లో విడుదల చేసిన స్క్వూష్ చాలా మంచి ఉచిత సాధనం. అయితే అది చేయని పనులు కొన్ని ఉన్నాయి. అవి తెలియకుండా మొదలుపెడితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

స్క్వూష్ బ్రౌజర్లోనే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, లాగిన్ అడగదు. కంప్రెషన్ (ఫైలును కుదించడం) అంతా మీ కంప్యూటర్లోనే వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్లో ప్రోగ్రాములను వేగంగా నడిపే పద్ధతి) ద్వారా జరుగుతుంది కాబట్టి ఫోటో ఏ సర్వర్‌కీ వెళ్లదు. ఇంకా బయటికి రాని ఫోటోలతో పనిచేసేవాళ్లకు ఇది పెద్ద భరోసా. ఫోటోను లాగి వదిలితే తెర నిండా తెరుచుకుంటుంది. మధ్యలో నిలువు గీత ఉంటుంది, దానికి ఎడమ పక్క అసలు ఫోటో, కుడి పక్క కుదించిన ఫోటో. గీతను అటూ ఇటూ జరుపుతుంటే ఎక్కడ చెడిపోయిందో కళ్లకే తెలుస్తుంది. కొత్త ఫైల్ సైజు, ఎంత శాతం తగ్గిందీ కిందే కనబడతాయి.

ముందు చేయాల్సింది రీసైజ్, అంటే ఫోటో కొలతలు తగ్గించడం. చాలామంది దీన్ని వదిలేసి క్వాలిటీ ఒక్కటే తగ్గిస్తారు. ఫైలు 300 కేబీకి దిగినా, బ్రౌజర్ దాన్ని విప్పినప్పుడు ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున మెమరీ తీసుకుంటుంది. 6000×4000 అంటే దాదాపు 96 ఎంబీ. అదే ఫోటో వెడల్పును 1920కి తగ్గిస్తే ఎత్తు 1280 అవుతుంది, మెమరీ 10 ఎంబీ లోపే. చౌక ఫోన్లలో స్క్రోల్ చేస్తుంటే పేజీ తడబడడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి రీసైజ్ ఆన్ చేసి, మెథడ్ (కొలత తగ్గించే లెక్క) లాంక్జోస్3 గానే ఉంచి, వెడల్పు 1920 ఇవ్వండి. పెద్ద మానిటర్లలో ఎక్కువగా చూసే సైటయితే 2560.

ఇక్కడో చిక్కుంది. సైజు తగ్గించిన ఫోటోను స్క్వూష్ అసలు ఫోటో కొలతకు సాగదీసి చూపిస్తుంది. అందుకే కుడి పక్క అలుక్కుపోయినట్టు కనబడుతుంది, అది కంప్రెషన్ తప్పనుకుని క్వాలిటీ పెంచేస్తుంటారు. మొదట రీసైజ్ ఒక్కటే చేసి పీఎన్‌జీగా (నాణ్యత పోగొట్టని ఫార్మాట్) దింపుకోండి. ఆ పీఎన్‌జీని మళ్లీ తెరిచి అప్పుడు కుదించండి. పోలిక సరిగ్గా కుదురుతుంది, రెండుసార్లు కుదించిన నష్టమూ ఉండదు.

ఫార్మాట్ విషయానికొస్తే, జేపెగ్ ఫైలు చేసే మోజ్‌జేపెగ్‌లో క్వాలిటీ అంకె 75 దగ్గర మొదలవుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌కి 60–65 సాధారణంగా సరిపోతుంది. జేపెగ్ కన్నా కొత్త ఫార్మాట్ వెబ్‌పీని ఆపిల్ బ్రౌజర్ సఫారీ 2020 నుంచి చదువుతోంది కాబట్టి ఇక సందేహించక్కర్లేదు. ఇంకో కొత్త ఫార్మాట్ ఏవిఫ్‌లో ఫైలు ఇంకా చిన్నదవుతుంది, కుదించడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంది. ఒక ఫార్మాట్‌లో క్వాలిటీ 50కీ ఇంకో ఫార్మాట్‌లో 50కీ సంబంధం లేదు, అంకెలు చూసి పోల్చకండి. ఆకాశం, పొగమంచు, ఖాళీ గోడ లాంటి చోట్ల జూమ్ చేసి చూడండి. జేపెగ్, వెబ్‌పీలలో క్వాలిటీ బాగా దించితే అక్కడే రంగు మెట్లు మెట్లుగా విడిపోతుంది. ఏవిఫ్ ఆ చోట్లను బాగా కాపాడుతుంది, కానీ గడ్డి, ఇసుక లాంటి సన్నని వివరాలను నున్నగా తుడిచేస్తుంది. డెస్క్‌టాప్ ఫోటో 300 కేబీ లోపు, ఫోన్ ఫోటో 150 కేబీ లోపు ఉండేలా చూసుకుంటే బాగుంటుంది.

స్క్వూష్‌లో పెద్ద లోటు క్రాప్ (కావలసిన భాగాన్ని కత్తిరించుకోవడం) లేకపోవడం. సీఎస్ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్-సైజ్ కవర్ (ఖాళీ మిగలకుండా నింపే అమరిక) అని రాస్తే ఆ 1920×1280 ఫోటో 390×844 ఫోన్ తెర మీద ఎత్తుకు సరిపడేలా అమరుతుంది, వెడల్పులో మూడో వంతు కూడా కనబడదు. మనిషి ముఖం ఓ పక్కన ఉంటే పూర్తిగా తెగిపోతుంది. ఫోన్‌కి నిలువు ఫోటోను వేరే ఎడిటర్లో కత్తిరించి, 1080 వెడల్పుకు దించి, మీడియా క్వెరీతో (తెర సైజును బట్టి మారే సీఎస్ఎస్ నియమం) విడిగా ఇవ్వాలి. కనీసం బ్యాక్‌గ్రౌండ్-పొజిషన్‌తో ముఖ్యమైన వైపును పట్టి ఉంచాలి.

ఫోటో మీద అక్షరాలు వస్తే ఎలా ఉంటుందో కూడా స్క్వూష్ చూపించదు. అక్షరాలకూ వెనకనున్న రంగుకూ 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి. ఫోటో పైన సీఎస్ఎస్‌లోని లీనియర్-గ్రేడియంట్‌తో 50 శాతం నలుపు పొర వేస్తే తెల్ల అక్షరాలు చాలావరకు తేలిగ్గా చదవొచ్చు. ఆ పొర వేశాక కంప్రెషన్ మచ్చలు కూడా మరుగున పడతాయి. అందుకని క్వాలిటీని స్క్వూష్‌లోనే ఖరారు చేయకుండా, పేజీలో పొరతో పెట్టి చూసి ఇంకో ఐదు పాయింట్లు దించే వీలుందేమో పరీక్షించండి.

పేజీలో పెట్టేటప్పుడు దెబ్బతినే చోట్లు రెండు. బాడీకి (పేజీలో కనబడేదంతా ఉండే ఎలిమెంట్) నేరుగా కవర్ ఇస్తే, పొడవాటి పేజీలో ఫోటో ఆ పొడవంతటికీ సాగి మసకబారుతుంది. పేజీ మరీ పొట్టిదైతే కింద మళ్లీ మొదలవుతుంది. దీనికి విరుగుడుగా బ్యాక్‌గ్రౌండ్-అటాచ్‌మెంట్ ఫిక్స్‌డ్ (ఫోటోను తెరకు అతికించి ఉంచే నియమం) అని రాస్తారు, కానీ ఐఫోన్ సఫారీలో అది సరిగ్గా పనిచేయదు. బాడీ బిఫోర్ ఎలిమెంట్‌కి (సీఎస్ఎస్‌తో చేర్చే అదనపు పొర) పొజిషన్ ఫిక్స్‌డ్, ఇన్‌సెట్ 0, జెడ్-ఇండెక్స్ -1 ఇచ్చి ఫోటోను అక్కడ పెట్టడం నమ్మకమైన పద్ధతి. ఫోటో దిగేలోపు కనబడే రంగును హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కే ఇవ్వండి. బాడీకి కూడా రంగిస్తే ఫోటో దాని వెనక్కి పోతుంది. సీఎస్ఎస్ చదివాకగానీ బ్రౌజర్‌కి ఈ ఫోటో ఉందని తెలియదు కాబట్టి హెడ్‌లో ప్రీలోడ్ లింక్ (ఫోటోను ముందుగానే దింపమని బ్రౌజర్‌కి చెప్పే లైను) కూడా చేర్చండి.

స్క్వూష్ ఒకసారికి ఒక్క ఫోటోనే తీసుకుంటుంది, ఆదేశాలు టైప్ చేసి నడిపే దాని కమాండ్ లైన్ రూపాన్ని నిలిపేశారు. పేజీకో బ్యాక్‌గ్రౌండ్ ఉన్న సైటయితే షార్ప్ లైబ్రరీతో (ఫోటోలను కోడ్ ద్వారా మార్చే సాధనం) స్క్రిప్టు రాసుకోవడమే మేలు. అందులో ఇవ్వాల్సిన వెబ్‌పీ క్వాలిటీ అంకెను మాత్రం ముందుగా స్క్వూష్‌లో ఒకటి రెండు ఫోటోల మీద చూసి తేల్చుకోండి.