స్టార్‌డమా, డబ్ల్యూడబ్ల్యూఈనా? జపాన్ మహిళా రెజ్లర్ ముందున్న రెండు దారులు

స్టార్‌డమ్ జపాన్‌లోని మహిళల రెజ్లింగ్ సంస్థ, డబ్ల్యూడబ్ల్యూఈ అమెరికాలోని పెద్ద రెజ్లింగ్ సంస్థ.

పేరు: స్టార్‌డమ్‌లో సంపాదించుకున్న పేరు నిలుస్తుంది. అమెరికాలో అది మారొచ్చు: జపాన్‌లో కానాగా ఆడిన రెజ్లర్ అసుకా అయింది, ఇయో షిరాయ్ ఇయో స్కై అయింది.

శ్రమ: స్టార్‌డమ్‌లో దెబ్బలు గట్టివి. వేసవిలో జరిగే 5 స్టార్ గ్రాండ్ ప్రీ టోర్నీలో వరుస సింగిల్స్ మ్యాచ్‌లుంటాయి, గాయం మానే వ్యవధి దొరకదు. అమెరికాలో ఎడతెగని ప్రయాణాలు, పైగా ప్రేక్షకుల ముందు మైకు పట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడాలి. అసలు అడ్డంకి ఇదే: ఆట ఎంత గొప్పదైనా మాట రాకపోతే ట్యాగ్ టీముల్లోనే (జంటగా ఆడే జట్లలోనే) ఉంచేసే అవకాశముంది.

ఓపిక: 2018లో వెళ్లిన ఇయోకి ప్రధాన టైటిల్ 2023లో, డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద షో సమ్మర్‌స్లామ్‌లో దక్కింది.

తిరుగుదారి: తెరిచే ఉంటుంది. డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన కైరీ 2020లో జపాన్‌కి తిరిగొచ్చి, 2022లో తొలి ఐడబ్ల్యూజీపీ (న్యూ జపాన్ రెజ్లింగ్ సంస్థ టైటిల్) మహిళా ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాదే మళ్లీ అమెరికా వెళ్లింది.

ఇంటి ప్రేక్షకులే బలమైతే మాయూ ఇవతానీలా ఉండిపోవడం మేలు. 2011 తొలి ప్రదర్శన నుంచి 2025 దాకా ఆమె స్టార్‌డమ్‌కే ముఖచిత్రం. భాష నేర్చుకుంటూ ఐదేళ్లు వేచి ఉండగలిగితేనే అమెరికా.