సీటు బెల్టు పేరుతో డెకార్స్ షాపులో అమ్మేవి: ఏది కొనొచ్చు, ఏది వద్దు

కార్ డెకార్స్ షాపుల్లో సీటు కవర్ల పక్కనే ఒక రాక్ నిండా సీటు బెల్టు సామాను వేలాడుతుంటుంది. బెల్టు పెట్టకపోతే వచ్చే మోత ఆపే క్లిప్పు, భుజానికి మెత్తటి ప్యాడు, బెల్టును వదులుగా పట్టి ఉంచే స్టాపరు, పొట్ట ఉన్నవాళ్లకి బెల్టు పొడుగు చేసే ఎక్స్‌టెండరు, పిల్లల మెడకి తగలకుండా త్రికోణం గుడ్డ. చాలావరకు ఐదొందల లోపు సరుకే. ఆన్‌లైన్‌లోనూ దొరికేవి ఇవే. వీటికి మార్కులు వేసే ముందు కంపెనీ బిగించి ఇచ్చిన బెల్టు ఏం చేస్తుందో చూడాలి. ఇవన్నీ దాని పనిలో వేలు పెట్టేవే మరి.

ఇప్పుడు మనం పెట్టుకునే మూడు చోట్ల పట్టే బెల్టు 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తెచ్చిన డిజైను. పేటెంటు చేతిలో ఉన్నా వోల్వో మిగతా కంపెనీలను వాడుకోనిచ్చింది. అప్పటికీ ఇప్పటికీ పైకి కనిపించే ఆకారం పెద్దగా మారలేదు. మారిందంతా తలుపు పక్కన నిలువుగా ఉండే పిల్లర్ ప్లాస్టిక్ వెనక దాగి ఉన్న, బెల్టు చుట్టుకునే రీలులోనే.

ఆ రీలులో మామూలుగా రెండు లాకులుంటాయి. ఒకటి కారు కదలికను కనిపెడుతుంది. చిన్న గిన్నెలో ఒక స్టీలు గోళీ కూర్చుని ఉంటుంది. కారు వేగం ఒక్కసారిగా పడిపోతే, అంటే ఆ తగ్గుదల సుమారు 0.45 జి (ఒక జి అంటే కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు) దాటితే, గోళీ దొర్లి పైనున్న మీటను లేపుతుంది. మీట పళ్లచక్రానికి అడ్డుపడి రీలు ఆగిపోతుంది. రెండో లాకు బెల్టు ఎంత వేగంగా బయటికి వస్తోందో చూస్తుంది. చేత్తో జర్రున లాగితే టక్కున పట్టేసేది ఇదే. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు అందరూ చేసే 'లాగి చూడటం' ఈ రెండోదాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. గోళీ సంగతి తెలియాలంటే ఖాళీ రోడ్డు మీద 15–20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేయాలి. సరిగ్గా అదే క్షణంలో పక్క సీట్లో ఉన్నవాళ్లు బెల్టును నెమ్మదిగా లాగాలి. రాకూడదు.

గోళీ వాలుకి కూడా దొర్లుతుంది. ఐక్యరాజ్యసమితి ఆర్16 ప్రమాణం ప్రకారం రీలు 12 డిగ్రీల వాలు వరకు పట్టేయకూడదు, 27 డిగ్రీలు దాటితే పట్టి తీరాలి. డెంటింగ్ పని అయ్యాక 'బెల్టు బయటికే రావట్లేదు' అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే: రీలును మళ్లీ బిగించినప్పుడు కొద్దిగా వంకరగా కూర్చుందా అని. బెల్టు మొత్తం మార్చాలని బిల్లు చేతికిచ్చే ముందు రీలు తన గాడిలో సరిగ్గా పడిందో లేదో చూడమనండి. ఆ పని మాత్రం ఇంట్లో స్పానర్ పట్టుకుని చేసేది కాదు. ముందు సీట్ల రీళ్లలో పేలుడు మందు ఉంటుంది.

ఆ మందుతో పనిచేసేదే ప్రిటెన్షనర్, అంటే బెల్టును బిగించే భాగం. గుద్దుకున్నట్టు సెన్సర్ చెప్పగానే చిన్న పేలుడు జరిగి, కన్ను మూసి తెరిచేలోపే పది సెంటీమీటర్లకు అటూ ఇటూ బెల్టును లోపలికి లాగేస్తుంది. ఎందుకంత తొందర? లెక్క చూడండి. 50 కిలోమీటర్ల వేగంతో గోడకి గుద్దిన కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుందాం. సగటున 16 జి, అంటే ఒంటి బరువుకి 16 రెట్లు. మొదటి క్షణం నుంచీ బెల్టు బిగువుగా పట్టి ఉంటే 70 కిలోల మనిషి మీద పడేది సుమారు 1,100 కిలోల బరువు. తుంటి ఎముకలు, ఛాతీ కలిసి దాన్ని తట్టుకోగలవు. బెల్టు లేకపోతే కారు ఆగిపోయినా మనిషి అదే వేగంతో వెళ్లి స్టీరింగుకో డాష్‌బోర్డుకో తగిలి పది సెంటీమీటర్లలో ఆగాలి. అప్పుడు లెక్క ఏడు టన్నుల దగ్గర తేలుతుంది. వదులు బెల్టు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కారు నలుగుతూ ఇచ్చే ఆ 60 సెంటీమీటర్ల దూరాన్ని వదులు మింగేస్తుంది.

రీలులో చివరి భాగం లోడ్ లిమిటర్. మామూలుగా మెలి తిరిగే ఒక స్టీలు కడ్డీ. ఛాతీ మీద బెల్టు ఒత్తిడి ఒక హద్దు దాటితే, చాలా కార్లలో అది 4 నుంచి 6 కిలోన్యూటన్ల (సుమారు 400–600 కిలోల బరువు) మధ్య ఉంటుంది, కడ్డీ మెలిపడుతూ బెల్టును కొంచెం కొంచెంగా వదులుతుంది. పక్కటెముకలు విరగకుండా కాపాడేది ఇదే. అలా ముందుకొచ్చిన ఛాతీని ఎయిర్‌బ్యాగు అందుకుంటుంది. తక్కువ ధర కార్లలో వెనక సీట్ల బెల్టులకి ప్రిటెన్షనర్, లోడ్ లిమిటర్ రెండూ ఉండవు, ఉత్త రీలే. కాబట్టి వెనక కూర్చున్నవాళ్లు బెల్టును చేత్తో లాగి బిగువు చేసుకోవాలి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కిందికి ఉండాలి. గర్భిణులకైతే పొట్ట కింద నుంచి.

ఇక సామాను సంగతి. కొలబద్ద ఒకటే: బెల్టుకీ ఒంటికీ మధ్య వదులు పెరుగుతోందా, తగ్గుతోందా?

మోత ఆపే క్లిప్పుకి సున్నా. బకిల్ లోపలి స్విచ్‌కి 'బెల్టు పెట్టారు' అని అబద్ధం చెప్పడం తప్ప ఇది చేసే పని లేదు. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగు, ప్రిటెన్షనర్ ఎలా పనిచేయాలో కూడా ఆ స్విచ్‌ని బట్టే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. క్లిప్పు వాటినీ మోసం చేస్తుంది. బెల్టు లేని మనిషి ఎయిర్‌బ్యాగు పూర్తిగా తెరుచుకునేలోపే దాని మీదికి చేరుకుంటాడు. సుమారు 30–40 మిల్లీసెకండ్లలో పేలుతూ వచ్చే సంచికి ఎదురెళ్లడమంటే అది ఇంకో దెబ్బ. 2019 జూలై 1 నుంచి మన దేశంలో కార్లకి ముందు సీట్ల బెల్టు రిమైండర్, అంటే ఈ మోత, తప్పనిసరి చేశారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీలకి ఆదేశాలిచ్చి ఈ క్లిప్పుల లిస్టింగులు 13,118 తీయించింది. షాపుల్లో అడిగితే ఇప్పటికీ డ్రాయరు లోంచి తీసిస్తారు. పక్క సీట్లో బ్యాగు పెడితే మోగుతోందని కొనేవాళ్లూ ఉన్నారు. బ్యాగును వెనక్కి మార్చండి, లేదా ఖాళీ సీటు బెల్టు పెట్టేయండి. ఖర్చు లేదు. బెల్టు పెట్టేసి దాని మీద కూర్చునే బాపతుకీ క్లిప్పుకీ తేడా లేదు. చలానా అయితే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయలు.

వదులు స్టాపరు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే పెట్టుకున్నవాళ్లు బెల్టు వేసుకున్నామనే నమ్మకంతో ఉంటారు. రీలు దగ్గర బెల్టును పట్టేసి, ఛాతీ ముందు నాలుగు వేళ్లో అంతకన్నా ఎక్కువో ఖాళీ ఉంచుతుంది. ప్రిటెన్షనర్ లాగాల్సింది మొత్తం ఆ ఖాళీకే సరిపోతుంది. మెడకి బెల్టు ఒరుసుకోవడమే బాధైతే చాలా కార్లలో పిల్లర్ మీద డి-రింగును (భుజం పక్కన బెల్టు దూరి వచ్చే రింగు) పైకీ కిందికీ జరిపే మీట ఉంటుంది. బెల్టు భుజం మధ్యలోంచి వెళ్లేలా ఒక గాడి కిందికి దించితే సరి. ఏళ్ల తరబడి కారు నడిపేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు.

భుజం ప్యాడు కొనొచ్చు, ఒక షరతు మీద. పల్చటి బట్టదైతే చాలు. లోపల దళసరి స్పాంజి ఉన్నవి, కారు బ్రాండు బొమ్మలతో ఉబ్బెత్తుగా వచ్చేవి వద్దు. గుద్దుకున్నప్పుడు స్పాంజి నలిగిపోయి ఆ మేర బెల్టు వదులవుతుంది. పైగా ప్యాడు డి-రింగుకి అడ్డుపడితే బెల్టు లోపలికి చుట్టుకోదు.

ఎక్స్‌టెండరు నిజంగా బెల్టు చాలని వాళ్లకి మాత్రమే, అదీ కారు కంపెనీ దగ్గర అదే మోడలుకి ఇచ్చేది ఉంటేనే. అన్ని కార్లకీ సరిపోతుందని అమ్మేదాంట్లో బకిల్ పట్టు మీద భరోసా లేదు. బకిల్ పొట్ట మీదికి వచ్చేస్తే తుంటి ఎముకకి పడాల్సిన బరువు మెత్తటి చోట పడుతుంది.

పిల్లల త్రికోణం గుడ్డ రెండొందలే కదా అని కొంటారు. మెడ దగ్గర బెల్టును కిందికి గుంజే పనిలో నడుము పట్టీని పొట్ట మీదికి లేపుతుంది, పైన బెల్టుని వదులు చేస్తుంది. పిల్లలు బెల్టును చంక కిందికి తోసేసుకోవడం కూడా ఇలాగే పక్కటెముకలకి చేటు. దీని బదులు పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే బూస్టరు సీటు కొనండి. 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అది కావాలి, 150 దాకా ఉంచితే ఇంకా మంచిది. చిన్నపిల్లలకి ఆర్129 (పిల్లల సీట్లకి ఐక్యరాజ్యసమితి ప్రమాణం) నారింజ రంగు లేబుల్ ఉన్న, ఐసోఫిక్స్‌తో, అంటే కారు సీటులోని కొక్కేలకి నేరుగా తగిలించి, బిగించే సీటు తీసుకుని, కనీసం 15 నెలల వరకు వెనక్కి తిరిగి ఉండేలా పెట్టాలి. ఎయిర్‌బ్యాగు ఆన్‌లో ఉన్న ముందు సీట్లో మాత్రం అలా పెట్టొద్దు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పట్టుకోలేమా అంటారా? అదే 16 జిలో పది కిలోల పిల్లాడు 160 కిలోలవుతాడు.

బెల్టు సామాను కాకపోయినా సీటు కవర్ల గురించి ఒక మాట. వెనక సీటు బకిళ్లను కవరు కిందికి తోసేసి కుట్టించే షాపులు కొల్లలు. కవరు వేయించగానే మూడు బకిళ్లూ పైకి ఉన్నాయో లేదో చూశాకే డబ్బులివ్వండి. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లుంటాయి, అవి ఎయిర్‌బ్యాగు, ప్రిటెన్షనర్ వైర్లవి. ఇంజను ఆన్ చేశాక ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. కవర్లు వేయించిన మర్నాటి నుంచి ఆరట్లేదంటే ముందు అనుమానించాల్సింది ఆ కనెక్టర్లనే. సర్వీస్ సెంటరుకి పంపండి.

బెల్టు లోపలికి నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు స్ప్రింగు తప్పు కాదు, చెమటా దుమ్మూ కలిసి డి-రింగుకి పట్టిన జిడ్డు. బెల్టు మొత్తం బయటికి లాగి, రీలు దగ్గర బట్టల క్లిప్పుతో ఆపి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. రింగు లోపలి అంచునీ తుడవండి. నీడలో పూర్తిగా ఆరాకే వదలాలి. బ్లీచింగు, పెట్రోలు, రీలులోకి నూనె కొట్టడం వద్దే వద్దు. అంచున ఎలుక కొరికిన గాటు ఉంటే కుట్టించకుండా బెల్టు మార్చాలి. గుద్దుకున్న కారులో ప్రిటెన్షనర్ పేలితే ఆ బెల్టు పని అయిపోయినట్టే. పేలకపోయినా బెల్టు మీద కాలి మెరిసినట్టున్న మచ్చ, డి-రింగు మీద కరిగిన గీత కనబడితే మార్పించాల్సిందే.

పాత కారు కొనేవాళ్లకి ఇదే బెల్టు ఉచితంగా రిపోర్టు ఇస్తుంది. కింద కుట్టిన లేబుల్ మీద తయారైన తేదీ ఉంటుంది. నాలుగు బెల్టులవి దగ్గర దగ్గరగా ఉండి, ఒక్కదానిది రెండేళ్లు కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. 2020లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. సీట్లు, మ్యాట్లు కడిగి ఆరబెట్టి అమ్మేవాళ్లు కూడా రీలు లోపల చుట్టి ఉన్న చివరి మూరెడు బెల్టును మర్చిపోతారు. పూర్తిగా లాగి చూడండి. మట్టి రంగు గీత, బూజు వాసన ఉంటే నీళ్లు రీలు దాకా వచ్చాయన్నమాట. ప్రిటెన్షనర్ వైరింగుని ఇక నమ్మలేం, ధర ఎంత తగ్గించినా బేరం వద్దు.