బ్లూస్ కవర్లలో మొదట ఏది: క్లాప్టనా, స్టోన్సా, హెండ్రిక్సా?

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల పాత సంగీతం. ఆ పాటల్ని రాక్ వాళ్లు మళ్లీ వాయించిన (కవర్లు అంటారు) ఆల్బమ్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది తేల్చుకోలేనివి మూడు: గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ‘ఫ్రమ్ ద క్రేడిల్’ (1994), రోలింగ్ స్టోన్స్ బ్యాండు ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ (2016), గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పోయాక అతని పాత టేపుల్లోంచి ఏరి కూర్చిన ‘బ్లూస్’ (1994). ఒక్కటే కొనాలంటే మా ఓటు క్లాప్టన్‌కి. వాయింపులోని హుషారు మాత్రం స్టోన్స్‌దే ఎక్కువ. ఈ రెండు మాటలకూ పొంతన ఉంది: ఎక్కువ కాలపు బ్లూస్‌ను ఒకేచోట వినిపించేది క్లాప్టన్ ఆల్బమే.

ముందు క్లాప్టన్ సంగతి. 16 పాటలు, సుమారు గంట. అన్నీ ఇతరుల పాటలే. 1927 నాటి బార్బెక్యూ బాబ్, 1928 నాటి లెరాయ్ కార్ మొదలుకొని 50ల షికాగో, 60ల ఫ్రెడ్డీ కింగ్ వరకూ వరస ఉంది. బ్యాండంతా స్టూడియోలో ఒకేసారి వాయిస్తుంటే రికార్డు చేశారు. తర్వాత చేర్చినవి రెండే: ‘హౌ లాంగ్ బ్లూస్’లో డోబ్రో (లోహపు పళ్లెం బిగించిన గిటార్), ‘మదర్‌లెస్ చైల్డ్’లో డ్రమ్స్. ఇలా రికార్డు చేస్తే డ్రమ్స్ చప్పుడు పాడేవాడి మైకులోకి కూడా కొంత చేరుతుంది. అందుకే ఒక తప్పును విడిగా తీసి అతికించడం కష్టం, పాట మొత్తం మళ్లీ వాయించాల్సిందే. హార్మోనికా వాయించిన జెర్రీ పోర్ట్‌నోయ్ 70లలో షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బ్యాండులో పనిచేసినవాడు. అందుకే ‘హూచీ కూచీ మ్యాన్’లో ఆ పాత షికాగో వాసన అంత గట్టిగా తగులుతుంది.

ఆ పాటనే కాస్త దగ్గరగా వినండి. మామూలు బ్లూస్‌కి 12 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం): నాలుగు మూల కార్డులో (కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు, శ్రుతి స్వరం మీద కట్టింది మూల కార్డు), రెండు నాలుగో మెట్టు కార్డులో, మళ్లీ రెండు మూలంలో, చివరి నాలుగూ అయిదో మెట్టు నుంచి దిగుతూ ఇంటికి. ఎ శ్రుతిలో అయితే ఎ7, డి7, ఇ7 అన్నమాట. ‘హూచీ కూచీ మ్యాన్’కి మాత్రం 16 బార్లు. మొదటి ఎనిమిది బార్లలో బ్యాండు చిన్న ముక్క వాయించి ఠక్కున ఆగుతుంది, ఆ ఖాళీలో గొంతు వస్తుంది. కొత్తగా వాయించేవాళ్లు తడబడేది ఇక్కడే. ఆ ఖాళీలో కాలు తాళం ఆపేస్తారు, లేదా 12 అనుకొని ముందే కార్డు మారుస్తారు.

క్లాప్టన్‌తో చిక్కు గొంతుతోనే. పాట ఎవరిదైతే వాళ్లలా పాడబోతాడు. ‘బ్లూస్ బిఫోర్ సన్‌రైజ్’లో ఎల్మోర్ జేమ్స్ కేకలు, మరోచోట మడ్డీ గాంభీర్యం. కొన్నిచోట్ల వేషం వేసినట్టే ఉంటుంది. గిటార్‌తో ఆ పేచీ లేదు. ఓటిస్ రష్ పాట ‘గ్రోనింగ్ ద బ్లూస్’లో తీగను లాగి, అనుకున్న స్వరానికి పైకి చేరకుండా కొంచెం కిందే నిలబెడతాడు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది: సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఊగే గాంధారం అది. బ్లూస్ ప్రాణం చాలావరకు అక్కడే ఉంది.

స్టోన్స్ దారి వేరు. 2015 డిసెంబరులో లండన్‌లో, మార్క్ నాఫ్లర్ కట్టించిన బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో, మూడే రోజుల్లో 12 పాటలు ముగించారు. నిడివి 42 నిమిషాల పైచిలుకు. వాళ్లు చరిత్ర అంతా తిరగరు, 50లు, 60ల షికాగో దగ్గరే ఎక్కువ సేపు కూర్చుంటారు. షికాగో హార్మోనికా వాద్యకారుడు లిటిల్ వాల్టర్ వాయించిన పాటలే నాలుగున్నాయి. ఇక్కడ హీరో గిటార్ కాదు, బ్యాండు గాయకుడు మిక్ జాగర్ హార్మోనికా. లిటిల్ వాల్టర్ పద్ధతి తెలిస్తే ఇది ఇంకా రుచిస్తుంది. మైకును హార్మోనికాతో కలిపి రెండు చేతులా గట్టిగా మూసి పట్టుకొని, చిన్న యాంప్లిఫయర్‌ను అది తట్టుకోలేనంత పెంచి వాయించడం. ఆ బరువైన, గరగరలాడే శబ్దం అలా పుడుతుంది. చేతులు వదులైతే శబ్దం పలచబడిపోతుంది.

లోపం మాస్టరింగ్‌లో, అంటే రికార్డుకు చివర్లో చేసే శబ్దపు మెరుగుల్లో ఉంది. శబ్దం మరీ గట్టిగా నొక్కేశారు, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా తగ్గిపోయింది. ఇయర్‌ఫోన్లలో ఏకబిగిన వింటే చెవి అలసిపోతుంది. స్పీకర్లలో తక్కువ వాల్యూమ్‌తో వినడం నయం. మరో జాగ్రత్త: స్ట్రీమింగ్ యాప్‌లో శబ్దాన్ని సమం చేసే సెట్టింగు ఆన్ చేశాకే అసలు పాటతో పోల్చండి. లేకపోతే గట్టిగా వినబడేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

హెండ్రిక్స్‌ది పూర్తి కవర్ల ఆల్బమ్ కాదు. ‘రెడ్ హౌస్’ లాంటివి అతని సొంతవే. కవర్ల కోసం వచ్చేవాళ్లకు ‘మ్యానిష్ బాయ్’, ‘క్యాట్‌ఫిష్ బ్లూస్’, ‘బ్లీడింగ్ హార్ట్’, ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ దొరుకుతాయి. చివరిది ఆల్బర్ట్ కింగ్ 1967 నాటి పాట. ఈ పాటలో గొంతే లేదు, ఏడున్నర నిమిషాలు గిటారే. మూలం తెలియనివాళ్లకు అది గమ్యం లేని వాయింపులా తోస్తుంది, తెలిసినవాళ్లకు మాత్రం పండగే. అందుకే దీన్ని మూడో స్థానంలో పెట్టాం. ఇంకో మాట: తరచుగా అతను గిటార్‌ను మామూలు కంటే అర స్వరం దించుకొని వాయించేవాడు. వెంట వాయిస్తుంటే శ్రుతి కలవకపోతే మీ ఆరు తీగల్నీ అర స్వరం దించి చూడండి.

గిటార్ నేర్చుకుంటూ కొనేవాళ్లు స్టోన్స్ ఆల్బమ్‌లోని ‘లిటిల్ రెయిన్’తో మొదలుపెట్టండి. జిమీ రీడ్ పాట, మెల్లని నడక, ఎవరూ ఎక్కువ వాయించరు. తర్వాత క్లాప్టన్ ఆల్బమ్‌లో ‘ఫైవ్ లాంగ్ ఇయర్స్’ పట్టండి, ముందు ఎడ్డీ బాయ్డ్ 1952 రికార్డు విని.

గిటారిస్టుగా క్లాప్టన్ ఎంతవాడో తెలియాలంటే మాత్రం స్టోన్స్ ఆల్బమే పెట్టండి. అదే స్టూడియోలో తన పనిమీద ఉన్న అతన్ని పిలిచి రెండు పాటల్లో కూర్చోబెట్టారు. ఓటిస్ రష్ 1956లో పాడిన ‘ఐ కాంట్ క్విట్ యూ బేబీ’ వాటిలో ఒకటి. పాడే పని జాగర్ చూసుకోవడంతో క్లాప్టన్‌కి ఎవరి గొంతూ తెచ్చిపెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.