వెనీర్లు అని చెప్పి పళ్ళు చుట్టూ చెక్కేశారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

నవ్వు బాగుండాలని ముందు పళ్ళకి వెనీర్లు, అంటే పంటి మీద అతికించే పల్చటి పొరలు, వేయించుకుందాం అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఏడాదిన్నర క్రితం వేయించుకున్నా, ఇప్పటికి రెండు పళ్ళకి రూట్ కెనాల్ అయ్యింది, ఇంకోటి అప్పుడప్పుడూ సలుపుతోంది. క్లినిక్ పేరు రాయట్లేదు, అడగొద్దు. నాకు ఎలా జరిగిందో తెలిస్తే మీరు ఎక్కడికెళ్ళినా ముందే పసిగట్టగలరు, నాకు కావాల్సింది అదే.

అసలు నా సమస్య చాలా చిన్నది. పైన ముందు రెండు పళ్ళ మధ్య సందు, పక్క పన్ను కాస్త లోపలికి తిరిగి ఉండేది, అంతే. పుచ్చు లేదు నొప్పి లేదు. ఫొటో అంటే చాలు పెదాలు మూసేసుకునేదాన్ని, ఆ బాధ తీరుతుందని వెళ్ళా. పావుగంట కూడా చూడకుండా ఎనిమిది పళ్ళు చెయ్యాలన్నారు, రెండే చేస్తే రంగు కలవదన్నారు. పైపైన కొంచెం గీస్తాం అంతే, పర్మనెంట్‌గా ఉంటుంది, భయమేం లేదన్నారు. ఎక్స్‌రే తియ్యలేదు, పై పళ్ళు కింద పళ్ళు ఎలా ఆనుకుంటున్నాయో చూడలేదు, రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతావా అని ఒక్కమాట అడగలేదు. నేను కొరుకుతాను, చిన్నప్పట్నించీ ఉంది.

మత్తింజక్షన్ ఇచ్చి దాదాపు మూడు గంటలు డ్రిల్లింగ్. మధ్యలో అద్దం అడిగితే ఇప్పుడొద్దు, ఫైనల్ అయ్యాక చూద్దురుగాని అన్నారు. ఫైనల్‌వి వచ్చేదాకా ఉండే తాత్కాలిక తొడుగులు, టెంపరరీలంటారు, అవి అంటించి పంపేశారు. మూడోరోజు మొహం కడుక్కుంటుంటే ఒక టెంపరరీ ఊడి చేతిలోకొచ్చింది, అద్దంలో చూసుకుంటే అక్కడ నా పన్ను లేదు, ముందూ వెనకా పక్కలూ అన్నీ చెక్కేసి మేకు దిగ్గొట్టినట్టు చిన్న మొన ఉంది. మిగతా ఏడూ అలాగే ఉండుంటాయని అర్థమై చేతులు వణికిపోయాయి. ఫోన్ చేస్తే అందరికీ అలాగే చేస్తాం అన్నారు. నేనూ నమ్మేసి వెళ్ళి ఫైనల్‌వి పెట్టించుకున్నా.

అది నిజం కాదని తర్వాత చూపించుకున్న ఇంకో డాక్టర్ చెప్పేదాకా నాకు తెలీదు. వెనీర్ అంటే పంటి ముందు వైపు మాత్రమే అతికించే పల్చటి పింగాణీ పొర. దానికోసం మామూలుగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా గీస్తారు, పన్ను చిన్నగా ఉన్నా లోపలికి ఉన్నా ఒక్కోసారి గీయకుండానే పెట్టొచ్చట. క్యాప్ అంటే వేరే, దానికి పన్ను చుట్టూతా, కొసతో సహా, 1 నుంచి 2 మిల్లీమీటర్లు తీసేస్తారు. క్యాప్ తప్పని నేననట్లేదు, పన్ను విరిగినా పెద్ద పుచ్చున్నా అదే కావాలి. కానీ నిక్షేపంలాంటి పన్నుని క్యాప్‌కి చెక్కినట్టు చెక్కి బిల్లులో వెనీర్ అని రాయడం మోసం, ఇంకో మాట లేదు.

ఎందుకింత గోల చేస్తున్నానంటే ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. గోరు కాదు, వెంట్రుక కాదు. దానికింద ఉండే డెంటిన్‌లో సన్నటి గొట్టాలుంటాయి, అవి లోపల నరం దాకా వెళ్తాయి, అందుకే చల్లనీళ్ళు తాగినా గాలి పీల్చినా జివ్వుమంటుంది. ఇంకోటి కూడా ఉంది, పన్ను మీద యాసిడ్ రాస్తే ఎనామిల్ గరుకై రెజిన్ అనే జిగురులాంటి పదార్థం గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనోకోర్ అనే ఆయన చూపించాడు, వెనీర్లు అంటుకునేది ఆ పద్ధతి మీదే. డెంటిన్ మీద ఆ పట్టు అంత గట్టిగా ఉండదు, అంత కాలమూ నిలవదు. అంటే ఎక్కువ చెక్కితే నొప్పీ ఎక్కువే, ఊడే ఛాన్సూ ఎక్కువే. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఆ కుర్చీలో కూర్చునేదాన్నే కాదు.

చిగుళ్ళ సంగతి కూడా చెప్పాలి. నాకు పెట్టినవాటి అంచులు చిగురు దగ్గర మెట్టులా పైకొచ్చి ఉన్నాయి, ఫ్లాస్ చేస్తే దారం అక్కడ పట్టుకుని తెగిపోతుంది, బ్రష్ చేసినప్పుడల్లా రక్తం, ఎంత తోమినా ఒకరకం వాసన. అంచు సరిగ్గా కూర్చుంటే ఇలా ఉండకూడదంట.

కాబట్టి వెళ్తే సూటిగా అడగండి, ఎన్ని మిల్లీమీటర్లు గీస్తారు, ఎనామిల్ లోపలే ఆగుతారా, పన్ను వెనక వైపు ముట్టుకుంటారా అని, ఆ జవాబు కాగితం మీద రాసిమ్మనండి. నసిగితే లేచి వచ్చెయ్యండి. పన్ను గీయకముందే మాకప్ చెయ్యమనండి, అంటే మీ పళ్ళ అచ్చు తీసి మైనంతో కొత్త ఆకారం చేసి, దాన్ని మీ నోట్లో టెంపరరీ మెటీరియల్‌తో పెట్టి చూపిస్తారు, నచ్చకపోతే తీసేస్తే మీ పళ్ళు మీకుంటాయి. నాకు ఇలాంటిది ఒకటుందని కూడా తెలీదు. పళ్ళు తెల్లబడాలంటే వైటెనింగ్ ముందే చేయించుకోవాలి, పింగాణీ రంగు బ్లీచ్‌తో మారదు. రాత్రి పళ్ళు కొరికే అలవాటుంటే మీరే చెప్పండి, నైట్ గార్డ్, అంటే నిద్రలో పళ్ళకి పెట్టుకునే రక్షణ తొడుగు, లేకుండా పెట్టేస్తామంటే ఒప్పుకోవద్దు.

పర్మనెంట్ అన్నమాట అసలు నమ్మొద్దు. మంచి పింగాణీవి బాగా చేస్తే 10-15 ఏళ్ళు వస్తాయి, ఇంకా ఎక్కువ వచ్చినవాళ్ళూ ఉన్నారు, కానీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. పాతికేళ్ళకే వేయించుకుంటే జీవితంలో ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి. నాలాంటి చిన్న సందుకి కాంపోజిట్ బాండింగ్ సరిపోయేదట, పంటి రంగు మెటీరియల్ అద్దుతారు, చాలామందికి గీయక్కర్లేదు, తొందరగా మరకలు పడతాయి, అంచులు ఊడతాయి నిజమే కానీ మళ్ళీ అద్దించుకోవచ్చు. వంకర ఉంటే క్లిప్పులో, పళ్ళని మెల్లగా జరిపే పారదర్శక తొడుగులు అలైనర్లో. ఆలస్యమవుతుంది అంతే, సొంత పన్ను మిగులుతుంది. ఇంకా సోషల్ మీడియాలో డెంటిస్ట్ కానివాళ్ళు కోర్సు చేశాం అని తక్కువకి పెడుతున్నారు, అటు పోనే పోవద్దు.

ఇప్పుడు నేను రోజూ గార్డ్ పెట్టుకుని పడుకుంటున్నా, ఆ మూడో పన్నుకి నరం బతికుందో లేదో మూడు నెలలకోసారి టెస్ట్ చేస్తున్నారు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇప్పుడు టెంపరరీల్లో ఉండి అనుమానంగా ఉంటే, ఫైనల్‌వి అంటించకముందే ఇంకో డెంటిస్ట్‌కి చూపించండి, అదీ ఈ వారంలోనే, ఎందుకంటే గీసిన పళ్ళని టెంపరరీల్లో ఎక్కువరోజులు ఉంచకూడదు. మీ పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫైల్, గీయకముందు తీసిన ఫొటోలు అన్నీ అడిగి తీసుకోండి. నా దగ్గర ముందువి ఏవీ లేవు, అందుకే ఎవరి దగ్గరా ఏం రుజువు చెయ్యలేకపోయా.